సూర్యతాప యంత్రముల పరీక్ష

ఎండ మన దేశమున కొఱతలేని వస్తువు. వేసవి మధ్యాహ్నమున దానినుండి తప్పించుకొనుటకే మనము చెట్టునీడను, పందిరిని, వట్టివేళ్ల తడికను ఆశ్రయింతుము. ఆ యెండనే అద్దములతో ఒకచోటికి కూర్చి, వంటకును, ఆవిరికిని, విద్యుచ్ఛక్తికిని వినియోగించు సాధనములు నేడు పలువిధములుగా బయలుదేరినవి. వానిని చూచినపుడు ఎవరికైనను రెండు ప్రశ్నలు తోచును. ఇది పనిచేయునా? చేసినచో ఎంత పని చేయును? మొదటి ప్రశ్నకు ఉత్తరము సులభము. అద్దమునకు ఎదుట, కిరణములన్నియు కూడు తావున ఒక కాగితమును పట్టినచో అది క్షణములో అంటుకొనును. చూడవచ్చినవారు ఆశ్చర్యపడుదురు; అమ్మువాడు సంతోషించును. కాని రెండవ ప్రశ్నకు ఆ కాగితము ఉత్తరము చెప్పజాలదు. నేడు నేను మనవి చేయదలచినది ఆ రెండవ ప్రశ్నను గూర్చియే.

పిల్లలు ఆడుకొను భూతద్దముతోను కాగితము కాలును. ఆ భూతద్దముతో గ్లాసెడు నీరు మరగదు. వేడిమియొక్క తీవ్రత వేఱు, దాని పరిమాణము వేఱు అని దీనివలన తెలియుచున్నది. కిరణములు పడిన చోటు ఎంత చిన్నదైన తీవ్రత అంత హెచ్చును. కాని వచ్చిన శక్తి మాత్రము అద్దపు వైశాల్యమునకు మించి రాదు. ఆ వచ్చిన శక్తిలో ఎంత భాగము మన పాత్రలోనికి చేరినది, చేరినదానిలో ఎంత నిలిచినది, ఎంత గాలిపాలైనది అని తేల్చుటయే సూర్యతాప యంత్రముల పరీక్ష. ఇది దుకాణపు త్రాసు వంటిది. త్రాసు సరిగా లేనిచో బేరమంతయు వ్యర్థము.

ఈ పరీక్షకు చరిత్ర లేకపోలేదు. ఫ్రాన్సు దేశమున గణితోపాధ్యాయుడైన ఆగస్టిన్ మూషో అనునాతడు గరాటువంటి పెద్ద అద్దముతో ఆవిరిని పుట్టించి, 1878వ సంవత్సరమున పారిస్ ప్రదర్శనమునందు ఎండతోనే మంచుగడ్డను చేసి చూపెను. జనులు విస్తుపోయిరి. అటుపిమ్మట ఫ్రెంచి ప్రభుత్వమువారు ఆ యంత్రములను మాంపెలియే నగరమునందును, అల్జీరియాలోని కాన్‌స్టాంటీను నగరమునందును పెట్టించి పరీక్షింపజేసిరి. యంత్రము పనిచేయును గాని, అయిన వ్యయమునకు తగిన ఫలము లేదని తీర్పు వచ్చెను. అదే 1878లో మన బొంబాయి నగరమున విలియం ఆడమ్స్ అను ఆంగ్లేయుడు, చిన్న చిన్న చదును అద్దములను పెక్కింటిని అమర్చి ఆవిరియంత్రమును నడిపిన తన ప్రయత్నములను వివరించుచు ఒక గ్రంథమును ప్రకటించెను. ఉష్ణదేశములందు కట్టెకును బొగ్గునకును బదులుగా ఎండను వాడవచ్చునని ఆయన వాదము.

అన్నిటికంటె మనకు పాఠము చెప్పునది ఈజిప్టు దేశపు కథ. కైరో నగరమునకు దక్షిణమున మాదీ అను గ్రామమున, నైలునదీ తీరమున, ఫ్రాంక్ షూమన్ అను అమెరికను ఇంజనీరు 1912, 1913 సంవత్సరములలో అయిదు పెద్ద దోనెలవంటి అద్దములను నిర్మించెను. ఒక్కొక్క దోనె సుమారు 62 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గలది. ప్రతి దోనె నడుమను నీటి గొట్టము. పుట్టిన యావిరితో నైలునుండి నీరు తోడుటకు యంత్రము. అది నూరు అశ్వశక్తుల సాధనమని ప్రసిద్ధి కెక్కెను. ఆ సంఘమునకు సలహాదారుగా నున్న అకర్మన్ అను ఇంజనీరు దానిని పరీక్షించి లెక్క కట్టగా, అతి శ్రేష్ఠమైన గంటలో వచ్చిన ఫలము సుమారు 55 అశ్వశక్తులని తేలెను. అతడు ఆ సంఖ్యను దాచక ప్రకటించెను. నూరు అన్న మాట ఊహ. 55 అన్న మాట కొలత. ఆ 55 కూడ అంతకు ముందు ఎవ్వరును సాధింపని ఘనకార్యమే. కాని నూరు అని విన్నవారికి 55 అపజయముగా కనబడును. ముందు కొలిచి తరువాత చెప్పుటకును, ముందు చెప్పి తరువాత కొలుచుటకును గల తేడా ఇదియే. 1914లో యుద్ధము వచ్చుటచే ఆ ప్రయత్నము నిలిచిపోయెను.

ఇక పరీక్షా విధానమునకు వత్తము. మొట్టమొదట ఎండను తూచవలెను. సూర్యునినుండి మన వాయుమండలపు అంచునకు వచ్చు శక్తి చదరపు మీటరునకు సుమారు 1361 వాట్లని నేటి లెక్క. 1838లోనే పూయే అను ఫ్రెంచి శాస్త్రవేత్త నీటిపెట్టెయు ఉష్ణమాపకమును గల ఒక చిన్న సాధనముతో దీనిని కొలిచి, నేటి విలువకు పదింట ఒక వంతు లోపుగా చేరగలిగెను. ఆ శక్తిలో కొంత గాలియందును, తేమయందును, ధూళియందును తగ్గి, నిర్మలమైన రోజున మధ్యాహ్నమునకు నేలమీదికి తిన్నగా వచ్చునది 900 వాట్ల ప్రాంతముననుండును. మబ్బు పట్టినచో శూన్యమగును.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. మనకు చేరు వెలుగు రెండు విధములు. సూర్యబింబమునుండి తిన్నగా వచ్చు కిరణములు ఒకటి; గాలియందు చెదరి ఆకాశమంతటి నుండియు వచ్చు వెలుగు రెండవది. చదునుగా పరచిన నల్లని రేకు రెండింటిని గ్రహించును. కిరణములను కూర్చు అద్దము మాత్రము మొదటిదానినే కూర్చగలదు. చెదరిన వెలుగు ఏ వైపునుండి వచ్చినదో నిలుకడ లేనందున దానిని ఒక బిందువునకు తేజాలదు. కోస్తా జిల్లాలలో తేమ హెచ్చిన రోజులందును, వేసవిలో ధూళి లేచిన రోజులందును ఆకాశము తెల్లబారియుండును. ఒడలు మండుచుండును, ఎండ విపరీతముగా నున్నదని అందుము. కాని అద్దమునకు కావలసిన తిన్నని కిరణములు ఆనాడు తక్కువ. అందుచేత ఈ పరీక్షకు ఆకాశమంతటిని కొలుచు పైరానోమీటరు చాలదు. పైర్‌హీలియోమీటరు అను సాధనము కావలెను. అది లోపల నల్లరంగు పూసిన సన్నని గొట్టము. సూర్యునివైపునకే తిరిగియుండి, ఆ బింబమును, దాని చుట్టు కొద్దిపాటి ఆకాశమును మాత్రమే చూచును. ఈ సాధనము లేకుండ చేసిన పరీక్ష, బియ్యమును పొట్టుతో కలిపి తూచినట్లే యగును.

ఎండను తూచిన పిమ్మట పాత్రను పరీక్షింపవలెను. ఒక ఉదాహరణమును గైకొందము. ఇంటి వంటకు వాడు పళ్లెరపు అద్దము, 1.4 మీటర్ల అడ్డుకొలత. దాని నోటి వైశాల్యము 1.5 చదరపు మీటర్లు. నాభియొద్ద నల్లరంగు పూసిన సీసపుగాని ఇత్తడిదిగాని కాక, కిలో బరువుగల అల్యూమినియపు పాత్ర, అందులో 4 లీటర్ల నీరు, పైన మూత. తిన్నని యెండ చదరపు మీటరునకు 700 వాట్లు. అనగా అద్దముమీద పడుచున్న శక్తి 1050 వాట్లు. నీరు 30 డిగ్రీలవద్ద నుండగా గడియారమును చూచి ప్రారంభించితిమి. నీరు 90 డిగ్రీలకు చేరుటకు 34 నిమిషములు పట్టినదనుకొందము.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4186 జౌళ్ల శక్తి కావలెను. నాలుగు లీటర్లకును పాత్రకును కలిపి డిగ్రీకి సుమారు 17,600 జౌళ్లు. అరువది డిగ్రీలకు 10,56,000 జౌళ్లు. దీనిని 34 నిమిషములలోని 2040 సెకనులతో భాగించినచో, సెకనుకు 518 జౌళ్లు, అనగా 518 వాట్లు వచ్చును. పడినది 1050, దక్కినది 518. నూటికి 49 వంతులు. నీరు కళపెళ మరుగువఱకు ఎందులకు ఆగలేదని మీరడుగవచ్చును. మరగు సమయమున ఆవిరి మూతసందున తప్పించుకొనిపోవును. ఏ క్షణమున నిజముగా మరగినదో ఇద్దరు మనుష్యులు ఒకే మాట చెప్పలేరు. అందుచే మరుగునకు కొంత ముందే లెక్క ముగించుట మంచిది.

చాలమంది ఇక్కడ ఆగిపోవుదురు. నూటికి 49 అని కాగితముమీద వ్రాసి పెట్టెకు అంటింతురు. ఇది అబద్ధము కాదు. కాని సగము నిజము. ఏలయన ఆ 49 అను సంఖ్యలో రెండు వేర్వేరు విషయములు కలిసిపోయియున్నవి. అద్దము ఎంత ఇచ్చినది అనునది ఒకటి. పాత్ర ఎంత పోగొట్టుకొన్నది అనునది మఱియొకటి. చిల్లికడవలో నీరు పోయుచున్నామనుకొనుడు. కొంతసేపటికి కడవలో నిలిచిన నీటిని చూచి, పోసినది ఎంతయో కారినది ఎంతయో చెప్పగలమా? పోయుట మాని, కారుటను మాత్రమే విడిగా చూడవలెను.

ఆ విడిగా చూచుటయే నీడపరీక్ష. 90 డిగ్రీల నీరున్న పాత్రను కదల్పక, దాని స్థానముననే యుంచి, అద్దమునకు ఎండ తగులకుండ నీడ కల్పింపవలెను. ఇక పాత్ర చల్లారుచుండును. గాలి 32 డిగ్రీలలో నున్నదనుకొందము. నీరు గాలికంటె 58 డిగ్రీలు అధికము. ఈ ఆధిక్యము నూటికి 37 వంతులు మిగులువఱకు, అనగా సుమారు 21 డిగ్రీలగువఱకు పట్టిన కాలమును చూడవలెను. దీనికి కాలస్థిరాంకమని పేరు. మన ఉదాహరణమున అది 98 నిమిషములు, అనగా 5880 సెకనులు అనుకొందము. 17,600ను ఈ సంఖ్యతో భాగించినచో 3 వచ్చును. గాలికంటె ఒక్కొక్క డిగ్రీ అధికమైనపుడు పాత్ర 3 వాట్లను గాలిపాలు చేయుచున్నదని అర్థము.

ఇపుడు మొదటి పరీక్షను మరల చూడుడు. ఆ 34 నిమిషములలో నీరు సగటున గాలికంటె 30 డిగ్రీలు అధికముగ నున్నది. కనుక 90 వాట్లు పోయినవి. దక్కిన 518కి ఈ 90 కలిపినచో 608. అద్దము పాత్రకు నిజముగా అందించినది 608 వాట్లు. నూటికి 58 వంతులు. తక్కిన 42 వంతులు ఏమైనవి? కొంత అద్దమే మ్రింగినది. కొంత పాత్రనీడ అద్దముమీద పడుటచే తగ్గినది. కొంత గురి తప్పి పాత్ర ప్రక్కగా పోయినది. కొంత పాత్రపైబడి తిరిగి పోయినది. అద్దము చేసిన పనివాని నేర్పు ఈ 58లో కలదు. పాత్రను అమర్చినవాని నేర్పు ఆ 3లో కలదు. పళ్లెరపు పొయ్యిలకు ఇట్లు వేడిచేయు పరీక్షను, చల్లార్చు పరీక్షను జతచేసి ఈ రెండు సంఖ్యలను రాబట్టు విధానమును ఢిల్లీ ఐ.ఐ.టి.లో ముల్లిక్ మొదలైన ఆచార్యులు 1991లో ప్రకటించిరి. ఎక్కువ సాధనసామగ్రి అక్కఱలేని పద్ధతి అగుటచే ఇది మనబోటి దేశమునకు తగినది.

ఈ రెండు సంఖ్యలవలన ఒరిగినదేమి? చూడుడు. అన్నము ఉడుకవలెనన్న నీరు 100 డిగ్రీలవద్ద నిలువవలెను. గాలికంటె 68 డిగ్రీలు అధికము. అపుడు పోవునది 204 వాట్లు. అందిన 608లో అది పోగా మిగులునది 404. ఇపుడు పలుచని మబ్బు తెర వచ్చి ఎండ సగమైనదనుకొనుడు. అద్దము ఇచ్చునది సగము, 304. కాని నీరు వేడిగనే యున్నది గావున పోవుట తగ్గదు. అది 204గనే యుండును. మిగులునది 100. ఎండ సగమైనది, ఫలము సగము కాలేదు, నాల్గవవంతు అయినది. నూటికి 49 అను ఒక్క సంఖ్యను నమ్ముకొన్న గృహిణి, ఎండ సగమైనచో వంట రెండింతలు ఆలస్యమగునని తలచును. నాలుగింతలు ఆలస్యమైనపుడు ఆమె యంత్రమును శపించును. ఆమె తప్పేమియు లేదు. ఆమెకు చెప్పవలసిన రెండవ సంఖ్యను ఎవ్వరును చెప్పలేదు.

గాలి మాట కూడ ఆలోచింపుడు. మూసిన ప్రాంగణమున చల్లారినదానికంటె, మేడమీద గాలికి పాత్ర శీఘ్రముగ చల్లారును. గాలివలన నష్టము రెట్టింపై, డిగ్రీకి 6 వాట్లైనదనుకొందము. నిండుటెండలోనే మరుగునీటివద్ద 408 వాట్లు పోయి 200 మాత్రమే మిగులును. ఎండ సగమైనపుడు అద్దము ఇచ్చు 304 వాట్లు ఆ నష్టమునకే చాలవు. నీరు 83 డిగ్రీల వద్ద నిలిచిపోయి, సాయంకాలమువఱకు కూర్చున్నను మరగదు. అద్దము అదే, పాత్ర అదే, పరీక్షించిన స్థలము మాత్రమే వేఱు. కాబట్టి పరీక్షించువారు గాలివేగమును తప్పక వ్రాయవలెను. పాత్రచుట్టు ఒక గాజు ఆవరణమునుగాని, గాలికి అడ్డుగ ఒక రేకునుగాని అమర్చుట, అద్దమును మఱింత మెఱుగుపెట్టుటకంటె ఒక్కొక్కప్పుడు చౌకయైన ఉపాయమని కూడ ఈ లెక్కయే చెప్పును.

అద్దమును గూర్చియు రెండు మాటలు. సూర్యబింబము ఆకాశమున సుమారు అర డిగ్రీ వెడల్పు గలది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు, అనగా 4 నిమిషములకు ఒక డిగ్రీ కదలును. తన వెడల్పంత దూరమును రెండు నిమిషములలో దాటును. చేతితో త్రిప్పు అద్దమును కొంతకొంత సేపటికి సవరింపనిచో వెలుగుమచ్చ పాత్రనుండి జారిపోవును. ఇక అద్దపు వంపులో ఒకచోట ఒక డిగ్రీ లోపమున్నచో, అచ్చటి కిరణము రెండు డిగ్రీలు తప్పిపోవును. పరావర్తన ధర్మమువలన తప్పు రెట్టింపగును. అందుచే పరీక్షలో ముందుగ గురిని జాగ్రత్తగ నిలిపి ఫలమును కొలిచి, పిమ్మట కావలెనని గురిని కొంచెము కొంచెము తప్పించి, ఫలము ఎంత త్వరగ పడిపోవునో కూడ చూడవలెను. మిక్కిలి సన్నని వెలుగుమచ్చ నిచ్చు అద్దము ప్రయోగశాలలో గెలుచును. కొంచెము పెద్ద మచ్చ నిచ్చు అద్దము, నిమిషనిమిషమునకు లేచి త్రిప్పుటకు తీరికలేని వంటయింట గెలుచును. ధూళి సంగతి చెప్పనక్కఱలేదు. కడిగిన మఱునాడు చేసిన పరీక్షకును, నెలనాళ్లు తుడువని అద్దముతో చేసిన పరీక్షకును ఒకే ఫలము రాదు.

ఇంతవఱకు వంటపాత్రను గూర్చి చెప్పితిని. విద్యుచ్ఛక్తిని పుట్టించు పెద్ద సాధనములందును ధర్మము ఇదియే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు మొజావీ యెడారిలో 1984 మొదలుకొని కొన్ని సంవత్సరములలో దోనె అద్దములతో తొమ్మిది కేంద్రములు నిర్మింపబడినవి. అన్నియు కలిసి 354 మెగావాట్లు. మన రాయలసీమలోని అనంతపురము జిల్లాలో 2014లో 50 మెగావాట్ల దోనె అద్దముల కేంద్రము ఒకటి ఏర్పడినది. ఈ దోనెల నడుమ పోవు ఉక్కుగొట్టములో నూనె ప్రవహించును. గొట్టముచుట్టు గాజుగొట్టము, రెంటి నడుమ గాలి తీసివేసిన శూన్యము. పరీక్షలో నూనె ఎంత ప్రవహించుచున్నది, లోనికి పోవునపుడు దాని వేడి ఎంత, బయటికి వచ్చునపుడు ఎంత అని చూచి, లాభమును పడిన యెండతో భాగింతురు. నూనెను ఒక్క వేడివద్దనే కాక, తక్కువ వేడినుండి మిక్కిలి హెచ్చు వేడివఱకు అనేక స్థాయిలలో లోనికి పంపి ప్రతిసారియు కొలుతురు. వేడి హెచ్చినకొలది దక్షత తగ్గుచు వచ్చును. మొదట మెల్లగ, పిమ్మట త్వరగ. ఆ వక్రరేఖయే యంత్రముయొక్క నిజమైన జాతకము.

అమెరికాలోని శాండియా ప్రయోగశాలవారు ఇట్టి దోనెనొకదానిని, సూర్యుని ననుసరించి తిరుగు ఒక వేదికమీద నెక్కించి పరీక్షించి, 1994లో ఫలితములను ప్రకటించిరి. వారు చేసిన పనిలో ముఖ్యమైనది ఇది. ఒకే అద్దముతో మూడు స్థితులను పరీక్షించిరి: గాజుగొట్టములో శూన్యము చెడకుండ నున్నపుడు, అందులోనికి గాలి చేరినపుడు, గాజు బొత్తిగ లేనపుడు. శూన్యము చెడని గొట్టముతో, వేడి తక్కువగ నున్నపుడు, నూటికి సుమారు 73 వంతులు దక్కినవి. గాలి చేరినపుడు, వేడి హెచ్చినకొలది నష్టము స్పష్టముగ పెరిగినది. గాజు లేనపుడు నష్టము మఱింత హెచ్చినది; దానికి తోడు గాలివీచుటయు లెక్కకు వచ్చినది. ఎడారిలో పది పదునైదేండ్లు నిలిచిన గొట్టములలో కొన్నిటి గాజు పగులును, కొన్నిటి శూన్యము చెడును. కనుక క్రొత్తగొట్టముతో చేసిన ఒక్క పరీక్షను చూచి కేంద్రముయొక్క ఆయువంతటికి లెక్క కట్టరాదు. గొట్టములను ఎండకే చూపక, లోపల విద్యుత్తుతో వేడిచేసి, ఆ వేడిని నిలుపుటకు ఎంత విద్యుత్తు ఖర్చగుచున్నదో కొలిచి నష్టమును తేల్చు పద్ధతియు కలదు. మన వంటపాత్ర నీడపరీక్షకు అది పెద్దన్నగారు.

మన తెలుగునాట అందఱకును తెలిసిన ఉదాహరణము తిరుమల. అన్నప్రసాదపు వంటకై అచ్చట 2002లో 106 పళ్లెరపు అద్దములతో ఆవిరి పుట్టించు ఏర్పాటు చేయబడెను. ఒక్కొక్క అద్దము 9.2 చదరపు మీటర్లు. దినమునకు సుమారు 4 టన్నుల ఆవిరి, 15,000 మందికి వంట అని నిర్మాణ సమయమున ప్రకటించిన లెక్క. ఇట్టి లెక్కను విన్నపుడు మనము గర్వించుటతో ఆగక, కాగితము తీసి భాగించి చూచుట నేర్చుకొనవలెను. కిలో నీటిని 180 డిగ్రీల యావిరిగ మార్చుటకు సుమారు ముప్పాతిక యూనిటు శక్తి కావలెను. నాలుగు టన్నులకు సుమారు 2950 యూనిట్లు. అద్దముల మొత్తము 975 చదరపు మీటర్లు. అనగా చదరపు మీటరునకు దినమునకు 3 యూనిట్లు. పడిన యెండలో సగము ఆవిరిలోనికి వచ్చుననుకొన్నచో, దినమునకు 6 యూనిట్ల తిన్నని యెండ కావలెను. మబ్బులేని రోజున ఎనిమిది గంటలపాటు 750 వాట్ల చొప్పున రావలెను. కనుక ఇది నిర్మలమైన రోజునకు చెప్పిన లెక్క యనియు, వానకాలమునకు వర్తింపదనియు మనకు మనమే గ్రహింపవచ్చును. అచ్చటి ఏర్పాటును ముందున్న ఆవిరి బాయిలర్లకు జతచేసి పెట్టుటలో గల వివేకము ఇదియే. ఎండ వచ్చినంత వాడుకొందురు, రానిదానిని ఇంధనముతో పూరింతురు, ఎవ్వరును పస్తుండరు.

ఆవిరిని తూచుటలో మఱియొక జాగ్రత్త కలదు. బాయిలరులోనికి పోసిన నీటిని తూచి, అంతయు ఆవిరియైనదని వ్రాసికొనుట పరిపాటి. కాని ఆవిరితోబాటు సన్నని నీటిబొట్లు కొట్టుకొనిపోవుచుండును. ఆ బొట్లు ఆవిరి లెక్కలోనికి చేరినచో, చేయని పనికి కూలి వ్రాసినట్లగును. తడి యావిరిని వడగట్టి, దిగిన నీటిని తీసివేసి లెక్కింపవలెను.

నేటి పాఠశాలలందును, వసతిగృహములందును, ఆలయములందును వంటకు ఎండను వాడవలెనని కోరువారు పెక్కుమంది కలరు. వారు సొమ్ము చెల్లించుటకు ముందు అమ్మువానిని కొన్ని ప్రశ్నలడుగవలెను. ఈ ఫలము వచ్చిననాడు తిన్నని యెండ ఎంత? దానిని ఏ సాధనముతో కొలిచితిరి? నీరు ఎన్ని డిగ్రీలనుండి ఎన్ని డిగ్రీలకు, ఎంతసేపటిలో వచ్చినది? నీడపెట్టి చల్లార్చి చూచితిరా? చూచినచో డిగ్రీకి ఎన్ని వాట్లు పోయినవి? ఆనాడు గాలి ఎంత? అద్దము తుడిచి ఎన్నాళ్లైనది? వీనికి ఉత్తరము చెప్పగలవాని యంత్రము కొంచెము తక్కువ ఫలమిచ్చునదైనను కొనదగినది. ఎంత వచ్చునో తెలియును గావున దానికి తగినట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. ఉత్తరము చెప్పక కాగితము కాల్చి చూపువానికి నమస్కరించి పంపివేయుట మేలు. ఇట్టి పరీక్షలకు అంతర్జాతీయ ప్రమాణసంస్థవారి 9806వ సంఖ్యగల ప్రమాణమువంటి నియమావళులు కలవు. అవి గొప్ప ప్రయోగశాలలకు చెందినవని భయపడ నక్కఱలేదు. వాని సారము నేను చెప్పిన దానిలోనే యున్నది: పడినదానిని కొలువుము, దక్కినదానిని కొలువుము, పోయినదానిని విడిగ కొలువుము.

ఈ పట్టుదల ఎందులకు? ఒక యూరి బడిలో రెండువందల పిల్లలకు వంటచేయుటకు ఎండపొయ్యి తెచ్చిరనుకొనుడు. మధ్యాహ్నమునకు అన్నము ఉడుకుననిరి. గాలివీచు రోజున ఉడుకలేదు. రెండు మూడు మారులు పిల్లలు ఆకలితో కూర్చుండిరి. వంటమనిషి ఆ అద్దమును గోడకు చేరవేసి మరల కట్టెల పొయ్యి రాజేయును. అటుపై ఆ యూర ఎండతో వంట యని ఎవ్వరేమి చెప్పినను వినువారుండరు. చెడినది అద్దము కాదు, చెప్పిన మాట. నూరు అని చెప్పి యేబదియైదు ఇచ్చినవాని ప్రక్కన, ఏబదియైదు అని చెప్పి యేబదియైదు ఇచ్చినవాడే యూరివారి నమ్మకమును నిలుపును. ఎండ అందఱకును ఉచితముగ వచ్చునదియే. దానిమీద నమ్మకము మాత్రము ఉచితముగ రాదు. నీడలో కూర్చుండి, గడియారమును ఉష్ణమాపకమును చూచుచు, చల్లారు పాత్రను ఓపికతో కొలిచినవాడు దానిని సంపాదించి పెట్టును.